మా బాపును ఎవరూ పట్టుకోలేదు

మా బాపు, అంటే మా నాన్న, యుద్ధవిమానం నడిపిన మనిషి. మొయినాబాద్ పక్క పల్లెలో పుట్టి, వాయుసేనలో చేరి, బంగ్లాదేశ్ యుద్ధంలో పడమటి సరిహద్దు మీద ఎగిరాడు. అక్కడ ఆయన విమానం కూలింది. శత్రుదేశంలో దిగినా, ఎవరికీ చిక్కకుండా రెండు రోజుల్లో నడిచి వెనక్కి వచ్చాడు. ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాడు, మిగతా రోజులు చామంతి తోటలో ఉంటాడు. యుద్ధం గురించి మాట్లాడడు. అందుకే, నేను లెక్కలు చెప్పే చేవెళ్ల హైస్కూలు వాళ్లు రిపబ్లిక్ డేకి అతిథిగా పిలిస్తే ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఒప్పుకున్నాడు. "ఒక్క ముచ్చట చెప్పాలె బిడ్డా" అన్నాడు.

ఆయన్ను పరిచయం చేయడానికి మా స్కూలు సారు ఒకాయన కాగితం రాసుకొచ్చాడు. మమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదు. "శత్రువులు పట్టుకుని గోళ్లు పీకినా నోరు విప్పని వీరుడు!" అని మైకులో అరిచాడు. పిల్లలు ఈలలు వేశారు. బాపు తన చేతుల వైపు చూసుకుని లేచాడు.

"నన్ను ఎవ్వరు పట్టుకోలే. గోళ్లు ఇగో, పదీ ఉన్నయి" అన్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"పారాచూట్ తోని చెరుకు తోటల పడ్డ. కాలు మడత పడ్డది. చెరుకు కొట్టే ఆమె ఒకామె నన్ను చూసింది. మా అమ్మ వయసుంటది. నా బట్టలు చూసి ఎవన్నో ఆమెకు తెలిసిపోయింది. అరుస్తదనుకున్న. అరవలే. లేవకు, అట్లనే పండు అని చేత్తోని సైగ చేసింది. చెరుకాకు తెచ్చి నా మీద కుప్ప పోసింది. వాళ్ల మిలిటరీ వచ్చి అడిగితే, కాలువ దిక్కు ఉరికిండని చెప్పింది. వాళ్లు పోయినంక రొట్టె, బెల్లం పెట్టింది. నాకు వచ్చిన ఉర్దూల మాట్లాడిన. ఆమె కొడుకు గూడ అదే యుద్ధంల ఉన్నడట..."

అక్కడిదాకానే చెప్పనిచ్చారు. వేదిక మీద పక్క కుర్చీలో ఉన్న స్థానిక నాయకుడు ఒకడు మైకు లాక్కున్నాడు. "పెద్దాయనకు వయసు మీద పడ్డది. జర యాది తప్పుతున్నది. చప్పట్లు కొట్టండి" అన్నాడు. నాలుగు వందల మంది పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను లేచి ఏం చేశానో రాయకపోతే వాళ్ల మీద నాకున్న కోపానికి అర్థం లేదు. నేను వెళ్లి బాపు కోటు చేయి పట్టి గుంజాను. "బాపు, ఇగ చాలు, కూసో" అన్నాను. ఆయన కూర్చున్నాడు.

కారులో మొయినాబాద్ బయల్దేరాం. దారిలో బాపు అడిగాడు: "నువ్వు గూడ నా యాది తప్పిందనుకున్నవా?"

"లేదు బాపు."

"మరెందుకు గుంజినవ్?"

భయం. అంతే. రేపు స్టాఫ్ రూములో ఎవరేమంటారోనన్న భయం.

"అప్పుడు గూడ గిట్లనే అయింది" అన్నాడు బాపు. "తిరిగొచ్చినంక మా పై ఆఫీసరు రిపోర్టుల ఆమె ముచ్చట వద్దన్నడు. ఎవరికి కనపడకుండ దాక్కున్న అని రాయించిండు. నేను సంతకం పెట్టిన. ఆయన మీద కాదు, ఆ సంతకం పెట్టిన నా మీదనే నాకు కోపం. చచ్చేలోపు ఒక్కసారన్న నలుగురి ముంగట చెప్పాలనుకున్న."

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో బాపు ఫొటో వేశారు. కింద మళ్లీ ఆ చిత్రహింసల కథే. విలేకరికి ఫోన్ చేస్తే, "గట్లుంటెనే జనం చదువుతరు మేడమ్" అన్నాడు. హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లాను.

"మంచిగనే రాసిన్రు కద మేడమ్. మీ నాయన్ను పొగిడిన్రు."

"పొగడలే సార్. బతికున్న మనిషిని పిచ్చోన్ని చేసిన్రు. పానం కాపాడిన ఆమెను లేకుండ చేసిన్రు."

ఆయన ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు. అరవకుండా బయటికి వచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

వారం తర్వాత బాపును తీసుకొచ్చి నా తొమ్మిదో తరగతిలో కూర్చోబెట్టాను. ఎవరి అనుమతీ అడగలేదు. తలుపు మూసి, "ఇప్పుడు చెప్పు బాపు. ఎవ్వరు ఆపరు" అన్నాను. ఆయన పీరియడ్ మొత్తం చెప్పాడు. మడతపడ్డ కాలితో చెరుకుగడ ఊతంగా నడవడం, సరిహద్దు దాటాక మన సైనికులే గూఢచారి అనుకుని బోర్లా పండబెట్టడం, వారం తిరక్కుండా మళ్లీ విమానం ఎక్కడం, కింద మళ్లీ చెరుకు తోటలు కనపడడం.

ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి అడిగింది. వాళ్లమ్మ చందనవెల్లి ఫ్యాక్టరీలో పని చేస్తుంది.

"ఆమె పేరేంది తాతా?"

"అడగలే బిడ్డా. తెలిస్తే, ఒకవేళ నన్ను పట్టుకొని కొడితే చెప్పేస్తనేమో అని అడగలే."

పిల్లలెవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ అమ్మాయి లేచి బాపుకు మంచినీళ్ల సీసా ఇచ్చింది. బాపు తాగి, మూతి తుడుచుకుని, "మళ్ల పిలిస్తే వస్త" అన్నాడు.

అనుమతి లేకుండా బయటి వ్యక్తిని తరగతిలోకి తెచ్చానని సాయంత్రం మెమో ఇచ్చారు. సంజాయిషీ రాయమన్నారు. బాపు చెప్పింది చెప్పినట్టు మూడు పేజీలు రాసి, కింద నా సంతకం పెట్టి ఇచ్చాను. తప్పయిందని మాత్రం ఎక్కడా రాయలేదు.