పిల్లి నాలుక కింద పోగు

మా పిల్లికి నేనొక పేరు పెట్టుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరూ దాన్ని పిల్లి అనే అంటారు, వాళ్ల ముందు నేనూ అలాగే అంటాను. ఎవరూ లేనప్పుడు మాత్రం చెవి దగ్గర పేరుతో పిలుస్తాను. ఆ పేరు ఇక్కడ కూడా రాయను.

మాది సిరిసిల్ల. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచెలు నడుస్తాయి. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. బాపు వాటిని నడుపుతాడు, అమ్మ పక్కన కూర్చుని కండెలకు పోగు చుడుతుంది. సాంచెలు నడిచే ఇంట్లో మామూలుగా మాట్లాడితే వినబడదు, అందుకని అందరూ అరుస్తారు. నాకు అరవడం రాదు. నా మాటలు చాలావరకు డైరీలోనే ఉండిపోతాయి. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, చప్పుడులో వినబడలేదనుకుంటారు.

పిల్లి ఎలుకల కోసం వచ్చింది. ఎలుకలు నూలు కొరుకుతాయి కాబట్టి బాపు దాన్ని వెళ్లగొట్టలేదు. అమ్మ పాలన్నం పెట్టేది. పాలు తాగినప్పుడల్లా దానికి కడుపు చెడుతోందని గమనించి, నేను పాలు మాన్పించి ఉడికించిన గుడ్డు, ఉప్పు కారం కలపని చికెన్ ముక్కలు పెట్టడం మొదలుపెట్టాను. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవని తరువాత ఒక పుస్తకంలో చదివాను. ఆ పుస్తకం చూసే నులిపురుగుల మందు తాగించాను, రేబిస్ టీకా వేయించాను. టీకా కోసం పశువుల ఆసుపత్రిలో మేకల మధ్య, చున్నీ కప్పిన బుట్టతో నిలబడ్డాను.

"బుట్టల ఏమున్నది బిడ్డా, కోడా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

తలూపాను. ఔననడమే సులువనిపించింది. అంతలో బుట్ట మ్యావుమంది.

పోయిన చలికాలంలో అది తినడం మానేసింది. కక్కుకుంది. తరువాత షెడ్డు మూలన పాత సామాను వెనకకు వెళ్లి కూర్చుంది. ఒంట్లో బాగా లేని పిల్లి అరవదు, దాక్కుంటుంది. చాలామంది ఆలస్యం చేసేది అందువల్లే.

"మందు తిన్న ఎలుకను తిన్నట్టున్నది. ఇంత జ్వరం గోలి నూరి పోద్దాం" అని అమ్మ సగం గోలీ విరిచి కిటికీలో పెట్టింది. మనుషులు వేసుకునే జ్వరం గోలీ పిల్లికి విషం, చిన్న ముక్క కూడా ప్రాణం తీయవచ్చు. ఆ మాట నోటితో చెప్పాలి. నేను చెప్పలేదు, గోలీ తీసి మోరీ కాలువలో వేశాను. అమ్మ కాసేపు వెతికి, "గీ ఇంట్ల వెట్టింది వెట్టినకాడ ఉండదు" అని తన పనిలో పడింది.

మర్నాడు పొద్దున కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారే ఆగాయి. పని లేక బాపు మూలన ఉన్న పిల్లిని తెచ్చి, వాకిట్లో వెలుతురులో ఒళ్లో పెట్టుకున్నాడు. దాని నోట్లోంచి చొంగ కారుతోంది. నోరు తెరిచి చూసి, "అరే, పోగు" అన్నాడు.

తెల్లని పాలిస్టర్ పోగు నాలుక మొదట్లో, కింది వైపున చుట్టుకుని లోపలికి దిగిపోయింది. చిన్న కొస మాత్రం పెదవి పక్కన కనిపిస్తోంది.

బాపు వేళ్లు ఆ కొసను పట్టుకున్నాయి. పోగు తెగితే కొస వెతకడం, పట్టుకుని లాగడం, ముడి వేయడం ఆయన చిన్నప్పటి నుంచి చేస్తున్న పని. ఒకసారి లాగాడు. పిల్లి ఒళ్లంతా వంగిపోయింది, పోగు మాత్రం రాలేదు. ఈసారి గట్టిగా లాగడానికి కొసను వేలికి ఒక చుట్టు చుట్టుకున్నాడు.

"గుంజకు బాపూ! గుంజకు! పేగులు తెగుతయి!"

సాంచెలు నడవడం లేదు కాబట్టి ఆ అరుపు వీధి అవతలి దాకా వెళ్లింది. ఎదురింటామె గుమ్మంలోకి వచ్చి, "ఒర్రింది మీ పిల్లనేనా? నోరున్నదా దానికి?" అని అమ్మను అడిగింది. బాపు నా ముఖం చూశాడు. మెల్లగా వేలి మీది చుట్టు విప్పాడు.

"మరి కత్తిరిద్దునా?"

"వద్దు. కత్తిరిస్తే లోపలికి వోతది. గట్లనే ఉంచి డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం."

పశువుల ఆసుపత్రి డాక్టరు నోరు చూసి, పోగు పేగుల దాకా వెళ్లి ఉంటుందన్నాడు. అలాంటి ఆపరేషన్‌కు ఇక్కడ సామాను లేదని, జగిత్యాలలో ఒక డాక్టరమ్మ చేస్తుందని చెప్పి, ఆమెకు తనే ఫోన్ చేశాడు. "మత్తు ఇయ్యాల్సి ఉంటది, దారిల ఏం వెట్టకున్రి" అన్నాడు. ఇంటికి వచ్చేసరికి కరెంటు వచ్చింది. బాపు సాంచెలు బంద్ పెట్టి ఆటో మాట్లాడాడు.

బుట్ట నా ఒళ్లో ఉంది. దారి పొడవునా పిల్లి పెదవి ఎత్తి చిగుళ్లు చూస్తూ ఉన్నాను. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లబడితే ప్రాణం మీదికి వచ్చినట్టు. అవి పాలిపోయాయి గాని తెల్లబడలేదు. వేములవాడ దాటాక బాపు, "పోగు కనవడితే చెయ్యి ఆగదు బిడ్డా" అన్నాడు.

డాక్టరమ్మ బాపు కంటే చాలా చిన్నది. కడుపు తడిమి, స్కానింగ్ తీసి, "ఎవలన్న గుంజిన్రా?" అని అడిగింది.

"నేనే మేడం. ఒక్కపారి."

"ఒక కొస నాలుకకు పట్టుకున్నది. మిగిలిన పోగును పేగు కిందికి గుంజుతనే ఉన్నది. పోగు రాదు, పేగే పోగు మీదికి ముడుచుకుంటది."

బాపు తన చొక్కా అంచును వేళ్ల మధ్య పట్టుకున్నాడు. "బట్టల ఒక్క పోగు పట్టి గుంజితే బట్టంత కుచ్చులు వడుతది. గట్లనా?"

"గట్లనే. కుచ్చు వడ్డకాడ పోగు కోస్తది." ఆమె చేతులకు తొడుగులు వేసుకుంటూ నా వైపు తిరిగింది. "దీని పేరేంది?"

నేను నోరు తెరిచాను.

"పిల్లే మేడం" అన్నాడు బాపు. "పిల్లి అనే అంటం."

బయట బెంచీ మీద గొల్లపల్లి నుంచి వచ్చినాయన కుక్కతో కూర్చున్నాడు. కుక్కకు పిడుదులు పట్టాయని బర్రెలకు రాసే మందే రాశాడట. "బర్రెకు ఏం కాలే. దీనికే వణుకుడు వట్టింది."

"బర్రె ఎంత, గిది ఎంత? ఆ మందును నాకుతది గూడ" అన్నాడు బాపు.

"తెలివి మస్తున్నది గని, నువ్వెందుకచ్చినవే?"

"నేను పోగు గుంజిన" అన్నాడు బాపు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. పోగు మొత్తం తీసింది గాని పేగు ఒక చోట బాగా పలుచబడిందట. "అక్కడ ఏసిన కుట్లు వట్టాలె. ఈ నాలుగు దినాలే భయం. తింటున్నదా, కక్కుతున్నదా, కడుపు గట్టివడుతున్నదా చూస్తుండున్రి. ఏమైనా ఐతే ఆగకుండ తేవాలె." కుట్లు నాకకుండా పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటాలా చుట్టి పిల్లి మెడకు కట్టింది. ఎవరివో పక్కటెముకల మధ్య దాని తల కనిపించింది.

మళ్లీ తేవలసి వస్తే దగ్గరగా ఉండాలని, బాపు మమ్మల్ని కోరుట్లలో చిన్నమ్మ ఇంట్లో దించి వెళ్లాడు. చిన్నాయన దుబాయిలో ఉంటాడు. చిన్నమ్మ ఒక్కతే బీడీలు చుడుతూ ఉంటుంది. బుట్టలోకి తొంగి చూసి, "నా గర్భసంచి ఆపరేషన్ అప్పుడు మీ బాపు ఆదివారం చూసుకొని అచ్చిండు. దీనికి సాంచెలు బంద్ వెట్టి అచ్చిండు" అంది. కానీ తంబాకు చాటను తనే పక్క గదిలోకి మార్చింది. పొగాకు పిల్లికి విషమని నేను చెప్పబోతే, "మాకే మంచిది గాదు, దానికేడ మంచిగుంటది!" అంది.

సాయంత్రం బాపు షెడ్డులోంచి ఫోన్ చేశాడు.

"తిన్నదా?"

"లేదు బాపూ."

"ఆఁ? ఇనవడ్తలేదు!"

నేను మేడ మీదికి వెళ్లి అరిచాను. "తినలే! కక్కలే!" పక్క మేడ మీద బట్టలు తీస్తున్నామె ఆగి చూసింది. కింది నుంచి చిన్నమ్మ, "కోరుట్లంత ఇన్నది, ఇగ సిరిసిల్లకు ఇనవడదా?" అంది.

మరుసటి సాయంత్రమూ అదే మాట అరిచాను. పిల్లి గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. రోజుల తరబడి తినకపోతే పిల్లి కాలేయం పాడవుతుంది. కుట్లు పట్టినా అది తినాలి. మూడో రోజు మళ్లీ డాక్టరమ్మ చెప్పినట్టు చికెన్ మెత్తగా ఉడికించి, నూరి, గోరువెచ్చగా వేలితో దాని మూతికి కొంచెం రాశాను. నాకలేదు. చిన్నమ్మ బయటికి వెళ్లేదాకా ఆగి, ఎక్స్‌రే ఫిల్ము లోపలికి వంగి పేరు పెట్టి పిలిచాను. చెవి కదిలింది. ఇంకోసారి పిలిచాను. అది మూతి నాక్కుంది. తరువాత వేలు నాకింది. గిన్నెలో ఉన్నదాంట్లో సగం మెల్లగా తిన్నది. కక్కుతుందేమోనని చీకటి పడేదాకా పక్కనే కూర్చున్నాను. కక్కలేదు.

ఫోన్ రాగానే మెట్లెక్కాను.

"తిన్నది బాపూ! తిన్నది!"

అటువైపు సాంచెల చప్పుడు ఒకటి తగ్గింది, ఇంకొకటి తగ్గింది. నాలుగూ ఆగాయి.

"ఇంకోపారి చెప్పు" అన్నాడు బాపు.

"తిన్నది" అన్నాను, మామూలు గొంతుతో.

కుట్లు విప్పించాక రుద్రంగి మీదుగా బస్సులో సిరిసిల్లకు వచ్చాము. పిల్లి బుట్టలో అటూ ఇటూ తిరుగుతోంది, బయటికి రావాలని గీకుతోంది. షెడ్డు చప్పుడు లేకుండా ఉంది. సాంచెల కింద ఎప్పుడూ కుప్పగా పడి ఉండే తెగిన పోగులు కనిపించలేదు. మూలన మూత బిగించిన డ్రమ్ము ఒకటి కొత్తగా ఉంది. అమ్మ కండెలు చుట్టే చోటుకు ఇనుప జాలీ తలుపు పెట్టారు. చివరి సాంచె కింద బాపు మోకాళ్ల మీద వంగి, టార్చి పట్టుకుని, అరచేత్తో నేల తడుముతున్నాడు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. బుట్ట మీది చున్నీ తీయలేదు. బాపు లేచి, లుంగీకి చేతులు తుడుచుకుని నా వైపు చూశాడు.

"అన్ని ఏరిన బిడ్డా. ఒక్క పోగు లేదు. ఇగ ఇడువు దాన్ని."