పెంటవ్వ కత్తికి పానం

మామిడికాయ తొక్కు పెట్టే రోజులు వచ్చినయంటె సిద్దిపేటల రెండు చప్పుళ్లు వినవడుతుండె. ఒకటి పెంటవ్వ కత్తి చప్పుడు, ఇంకోటి పెంటవ్వ నోటి చప్పుడు. రెండిట్ల కత్తి చప్పుడే జర నయం.

పెంటవ్వ ముత్రాసోళ్ల ఆడిమనిషి. పెనిమిటి చెరువుల చేపలు పట్టెటోడు, జరమొచ్చి పోయిండు. పిల్లలు లేరు. ఆమెకంటె ముందు పుట్టినోళ్లు ఒక్కలు సుత బతకలేదని, ఆమె పుట్టంగనే తల్లి పెంటకుప్ప మీద పండవెట్టి మల్ల ఎత్తుకున్నదట. అట్ల పెంటవ్వ అయింది. "పెంట మీదికెల్లి లేచి బతికినదాన్ని, నాకు ఎవ్వల భయమే?" అని ఎవ్వలు అడుగకున్నా చెప్తుండె. చలికాలమంత చేపలమ్మేది, ఎండకాలం ఇండ్లెంబడి తిరిగి తొక్కుకు మామిడికాయలు కొట్టేది. రోహిణి కార్తెల మొదలైతె మిరుగు వానల దాకనే ఆ పని. వాన పడ్డదంటె కాయ మెత్తవడుతది, ఇగ ఎవ్వలు పిలువరు. గా నాలుగు దినాల్ల కొట్టిన కాయల తోటే వానకాలమంత ఆమె పొయ్యి ముట్టాలె.

చింత మొద్దు మీద కాయ పెట్టి ఒక్క ఏటు ఏసిందంటె కాయ, టెంక, లోపలి జీడి అన్నీ ఒక్కతీరుగ రెండు చెక్కలు. టెంక తెగాలె గని నలగొద్దు. నలిగిన టెంక జాడిల పడితె తొక్కు ఖరాబు అయితదని ఊరందరికి ఎరుక. అందుకే పద్మశాలోళ్ల వాడ వాడంత పెంటవ్వ కోసం కాయలు తొట్లల్ల నానవెట్టుకోని చూస్తుండె.

ఆ కత్తి కొన్నది కాదు. దేశాల నడుమ లడాయి నడిచే రోజులు, ఇనుము మీద చెయ్యి పెడితె కాలేటట్టుండె ధర. అంగట్ల పట్నం కత్తులు మాత్రం వరుసగ పెట్టి తళతళ మెరిపిస్తున్నరు. పెంటవ్వ ఒకటి తీసి గోరుతోటి కొట్టింది. తప్పుమన్నది. ఇంకోటి కొట్టింది. గది సుత పగిలిన కుండ లెక్క తప్పే.

"ఏందయ్యా గిది? మొకం చూసుకునే అద్దమా, కాయ కొట్టే కత్తా?" అన్నది దుకాణపాయనను. "ఖంగుమని పలుకాలె కత్తి. నీ కత్తులకు గొంతు లేదు. అలుగు చూడు, పట్టుకుంటె రేకు లెక్క ఊగుతున్నది. మెరుపు చూపిచ్చి మెత్తటి ఇనుము అంటగడుతున్నవు, నీ నోట్లె మన్ను వడ!"

మంచి కత్తి కొనే తాకత్తు లేదని ఆమెకు ఎరుకనే. లేదు గదా అని చెడ్డది కొనే తెలివితక్కువది గాదు. మోటర్లు బాగు చేసే కొట్టం ఎనుక పాత బస్సు కమాను పట్టి ఒకటి ఇరిగి పడి ఉండె. అడిగి తెచ్చుకున్నది. రాయితోటి కొడితె గుడిగంట లెక్క మోగింది. దాన్ని నెత్తిన పెట్టుకోని పోయి కమ్మరి బుచ్చిరాములు కొలిమి ముందట ఏసింది. "అన్నా, దీన్ని కత్తి చెయ్యి. ఈపు మందముండాలె, అలుగు సన్నముండాలె. ఏటు బరువు కత్తిది కావాలె, నా రెక్కది గాదు" అన్నది.

కత్తి అయినంక దాన్ని చూసుకున్నట్టు ఆమె పెనిమిటిని సుత చూసుకోలేదని ఆడోళ్లు నగుతుండె. కాయ పులుపు అలుగు మీద ఒక్క గడియ నిలువనియ్యకపోయేది. ఇంటి కాయలు ఒడిసినయంటె అక్కడనే కడిగి, పొడిబట్టతోటి తుడిచి, ఆముదం రాసి, పాత చీరపేలికల చుట్టేది. పొద్దుగాల లేచి నీళ్లు చల్లుకుంట సానరాయి మీద నాలుగు దిక్కుల తిప్పేది. చేపలకు వేరే కత్తి. చేపల కత్తి ఇంటి చూరుల, కాయల కత్తి గూట్ల. చేప వాసన కాయకు తగిలితె ఎవ్వలు తింటరు? గీ సంగతి సిద్దిపేటల పిల్లలకు సుత ఎరుక.

ఒక్క పట్వారోళ్ల ఇంట్ల ఎరుక లేదు.

లడాయి ఒడిసిన మరుసటి ఎండకాలం. పొద్దుమూకంగ పట్వారోళ్ల జీతగాడు దుబ్బయ్య వచ్చి వాకిట్ల నిలవడ్డడు.

"పెంటక్కా, రేపు మా ఇంట్ల తొక్కు పెడుతున్నరు. కత్తి ఇయ్యమన్నరు."

"పొద్దుగాల్నే వస్త అని చెప్పు."

దుబ్బయ్య తల గోక్కున్నడు. "నువ్వు రావద్దంట అక్కా. మడి తొక్కంట. కత్తి ఒక్కటి పంపుమన్నది పట్వారమ్మ."

పట్వారమ్మ అంటె పట్వారి తల్లి. ఆమె మాట ఆ ఇంట్ల పట్వారి కలం కంటె గట్టిది. పెంటవ్వ మనసుల తిట్టుకున్నది. నేను వద్దంట, నా కత్తి కావాల్నంట! నా చెయ్యి మైల, నా చేతుల కత్తి మైల గాదా? వద్దందామనుకున్నది. అని బతికేదెట్ల? చెరువు శికం లెక్కలు పట్వారి చేతులనే ఉన్నయి. ఒక్క గీత గీస్తె ముత్రాసోళ్లందరికి చేపలు బందు.

కత్తిని పేలికతోటే తెచ్చి కింద పెట్టింది. చేతికి చేతికి కత్తి ఇచ్చుకుంటె కొట్లాట అయితదని ఆ దిక్కు ఎవ్వలు ఇయ్యరు. దుబ్బయ్య వంగి తీసుకున్నడు.

"తుడిచి తెచ్చియ్యిరా. తడితోటి తెస్తివో, నీ ఈపు మీద పదును పెడుత."

మరునాడు పొద్దు నెత్తి మీదికి వచ్చేటప్పటికి దుబ్బయ్య మల్ల వచ్చిండు. పేలిక లేదు, ఆముదం లేదు. కండ్లు కలుపకుంట కత్తిని సీదా ఆమె చేతులనే పెట్టిండు.

"కింద పెట్టుమంటె!" అని మొత్తుకునే లోపట్నే ఆయన పోయిండు.

కత్తి నల్లగున్నది. పొయ్యి పొగేమో అనుకున్నది. పీచుతోటి తోమింది, సానరాయి మీద పట్టింది. రాయి మీద ఎప్పటి చప్పుడు వస్తలేదు. అయినా తెల్లారి పొద్దుగాల్నే పద్మశాలి కనకవ్వ ఇంట్ల కాయలు ఉన్నయి, మాట ఇచ్చిన దినం. పోయింది.

కనకవ్వ వాకిట్ల మొద్దు పెట్టి, తొట్టిలకెల్లి కాయ తీసి ఏటు ఏసింది. కాయ తెగింది, టెంక తెగలేదు. ఇంకో ఏటు ఏసింది. టెంక పచ్చి పచ్చి నలిగింది. కత్తి లేపి చూస్తె అలుగు మైనం లెక్క పక్కకు వంగి ఉన్నది. ఆమె జన్మల ఎన్నడు అట్ల కాలేదు.

కనకవ్వ కోడండ్లు మొకాలు మొకాలు చూసుకున్నరు. కనకవ్వ మంచిదే, అయినా మనసుల మాట ఆగలేదు.

"ఏమనుకోకు వదినె. నిన్న పట్వారమ్మ గుడికాడ అన్నదట, పెంటి కత్తి ఉత్తదే, మా కాయలన్ని నలుగగొట్టింది, పేరే గొప్ప అని. నేను నమ్మలేదు. ఇగో ఇప్పుడు చూడవడితి. ఈయేటికి వేరేటోళ్లను పిలుచుకుంటం తియ్యి."

పెంటవ్వ నలిగిన టెంకను మొద్దు మీదికెల్లి చేతితోటి ఊడ్చింది.  కత్తి తీసుకోని లేచింది. వాడల నుంచి పోతుంటె రోజు పిలిచేటోళ్లు ఎవ్వలు పిలువలేదు. ఒకామె తలుపు దగ్గరికి ఏసుకున్నది. వారం దినాలైతె మిరుగు. గీ పేరు గిట్ల ఊరు మీద నిలిస్తె, ఈయేడు కాదు, ఇగ ఎన్నడు ఎవ్వల వాకిట్ల మొద్దు పెట్టే పని లేదు.

సీదా బుచ్చిరాములు కొలిమి కాడికి పోయింది. "ఏం కత్తి చేసినవయ్యా? మైనం ముద్దనా, ఇనుమా?"

బుచ్చిరాములు చేతిల సుత్తె పక్కన పెట్టిండు. కత్తిని గోరుతోటి కొట్టిండు. తప్పుమన్నది. ఈపు మీద నీలి నీలిగ లేచిన పొరను గీకి చూసిండు.

"దీన్ని ఎవ్వలు కాల్చిన్రే?"

"కాల్చుడేంది?"

"నిప్పుల కుక్కి, మెల్లగ చల్లారెదాక వదిలిపెట్టిన్రు. కత్తికి పానం పోయింది పెంటవ్వా. నేను ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచి పెట్టిన పానం. అది పోతె కమాను పట్టి అయినా ఒక్కటే, తగరం అయినా ఒక్కటే."

 అప్పుడే నాగలి కర్రు సాగదీయిచ్చుకోనీకి దుబ్బయ్య కొలిమి కాడికి వచ్చిండు. ఆమెను చూసి ఎనుకకు తిరిగిండు. పెంటవ్వ ఉరికి రుమాలు పట్టుకున్నది.

"ఏం చేసిన్రురా నా కత్తిని?"

"నన్ను తిట్టకక్కా. చేపల కత్తి మడి వంటింట్లకు ఎట్ల వస్తది, శుద్ధి చెయ్యిరా అన్నది పట్వారమ్మ. పిడకల నిప్పుల పెట్టి తెల్లారెదాక ఉంచిన. పొద్దుగాల కాయ తెగకపోతె, పెంటి ఉత్త కత్తి అంటగట్టింది అని నా మీద ఇసిరికొట్టింది."

"అది చేపను కంటితోటి సుత చూడలేదు గదరా! చేపలకు వేరే కత్తి ఉన్నదని నీకెరుక లేదా? అడిగితె ఆమె నోరు అరుగుతుండెనా? చెప్తె నీ నోరు పడిపోతుండెనా? నా కత్తిని ఆమె చంపి, సచ్చిన కత్తి నేనే ఇచ్చిననని ఊరంత చాటుతదా!"

బుచ్చిరాములు గొంతు తగ్గిచ్చిండు. "పానం మల్ల పెడుత గని, నా పేరు మాత్రం ఎత్తకు. నా చెలుక భూమి పట్వారి కాయితాలల్ల ఉన్నది."

"నీ చెలుక నువ్వే నెత్తిన పెట్టుకో! అందరికి చెలుకలున్నయి, చెరువులున్నయి, నోర్లు మటుకు లేవు. లే, నేనే తిత్తి ఊదుత."

తిత్తి ఊదింది. ఊపు ఊపుకు పట్వారమ్మ ఏడు తరాలను తిట్టుకుంట ఊదింది. నిప్పు ఎన్నడు లేనంత లేచిందని బుచ్చిరాములు తర్వాత చెప్పుకున్నడు. కత్తి మందారపువ్వు రంగుకు రాంగనే పట్టకారతోటి తీసి, అలుగు మటుకే నీళ్లల్ల ముంచిండు. సుయ్యిమన్నది. ఇసుకతోటి రుద్ది, ఈపుల ఉన్న వేడి అలుగుకు పాకి ఎండుగడ్డి రంగు రాంగనే మల్ల ముంచిండు. చల్లారినంక పెంటవ్వ గోరుతోటి కొట్టింది.

ఖంగుమన్నది.

ఇంకొకరైతె కత్తి దొరికింది చాలని ఇంటికి పోదురు. పెంటవ్వ సానరాయి మీద పదును పెట్టుకోని, మొద్దు సంకల పెట్టుకోని, అంగట్ల అరువుకు తెచ్చిన కాయల గంప నెత్తిన పెట్టుకోని పట్వారోళ్ల ఇంటి ముందట తొవ్వల కూసున్నది. అది పద్మశాలి వాడకు పోయే తొవ్వ. నీళ్లకు పోయే ఆడోళ్లు, నూలు తెచ్చేటోళ్లు ఆగిన్రు. కనకవ్వ సుత ఆగింది. అరుగు మీద పట్వారమ్మ కూసోని, ఇంటి కత్తిపీట మోకాలి కింద పెట్టుకోని నలిగిన కాయలల్ల టెంకలు ఏరుకుంటున్నది. పక్కన ఇంకో గంపెడు కాయలు కొట్టక అట్లనే ఉన్నయి. దుబ్బయ్య అరుగు కింద నిలవడ్డడు.

పెంటవ్వ మొద్దు మీద కాయ పెట్టి ఏటు ఏసింది. రెండు చెక్కలు. ఇంకోటి. రెండు చెక్కలు. టెంక అంచు అద్దం లెక్క ఉన్నది. చెక్కలు ఎత్తి అందరికి చూపిచ్చింది.

"చూడున్రి! గిదేనట ఉత్త కత్తి! చేప ముట్టని కత్తిని చేపల కత్తి అని నిప్పుల కుక్కి చంపింది ఎవ్వలో అడుగున్రి!"

పట్వారమ్మ లేవను సుత లేవలేదు. కండ్లద్దాలు సవరిచ్చుకోని నవ్వింది. "ఏందే పెంటీ గా లొల్లి? మా ఇంటి నిప్పుల పడ్డది కాబట్టే దానికి గుణం వచ్చింది. ఉన్న పాపం కాలిపోయింది, ఇప్పుడు మంచిగ తెగుతున్నది. నాకు దండం పెట్టి పో."

నిలవడ్డోళ్లల్ల ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తలలూపిన్రు!   చంపింది ఆ పట్వారమ్మనే, బతికిచ్చింది సుత ఆమెనేనట! పెంటవ్వ తిడదామని నోరు తెరిచింది. అప్పుడు ఆమె చూపు పట్వారమ్మ మోకాలి కింది కత్తిపీట మీద పడ్డది. పాతది, మంచి ఉక్కుది, ఆముదం మెరుపు మీద ఉన్నది.

పెంటవ్వ గొంతు తగ్గింది. ఆమె గొంతు అంత మెల్లగ రావుడు ఎవ్వలు ఎన్నడు వినలేదు.

"అట్లనా అమ్మా. మంచి నిప్పే. అరేయ్ దుబ్బిగా, అమ్మ కత్తిపీట సుత పాతవడ్డది. గవే పిడకలల్ల పెట్టి తెల్లారెదాక ఉంచు. దానికి సుత గుణం రానీ."

దుబ్బయ్య పెంటవ్వ మొకం చూసిండు. మల్ల ఏమనుకున్నడో, చెయ్యి చాపి అరుగు మీది కత్తిపీట అందుకున్నడు.

"ఒద్దురా!" పట్వారమ్మ రెండు చేతులతోటి కత్తిపీటను ఒళ్లకు గుంజుకున్నది. "ముట్టకు! నిప్పుల పెడితె దానికి పానం పోతది!"

 ఆమె అన్న మాట ఆమెకే వినవడ్డట్టున్నది, మొకం తిప్పుకున్నది.

"ఎరుకనే అన్నట్టు," అన్నది పెంటవ్వ. "నీ కత్తికి పానమున్నదని నీకు ఎరుకనే."

కొంగుతోటి అలుగు తుడిచి, మొద్దు సంకల పెట్టుకోని లేచింది. కనకవ్వ ముందుకొచ్చి గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది.

"నడువు వదినె. మా కాయలు పొద్దటిసంది నీళ్లల్లనే ఉన్నయి."

మిరుగు వాన పడెదాక పద్మశాలోళ్ల వాడల ఆ కత్తి చప్పుడు ఆగలేదు. పట్వారోళ్ల గంపెడు కాయలు అరుగు మీదనే మెత్తవడ్డయి.