బీరువాలో దాచిన వాంగ్మూలం

ప్రియ సహోదరులారా, నేను ఏడాదికి పైగా తాగుడులో మునిగిపోయాను, దానికి కారణమేమిటో ఈ రోజు సంఘం ముందు ఒప్పుకుంటున్నాను. ప్రత్యేకాంధ్ర ఉద్యమం చల్లారి కోర్టులు మామూలుగా నడుస్తున్న రోజులవి. విజయవాడలో నేను ప్రభుత్వ ప్లీడరును, పోలీసు కేసుల్లో సర్కారు తరఫున వాదించేవాణ్ణి. ఓటమి ఎరగని ప్లీడరని నాకు పేరు, ఆ పేరే నాకు దేవుడైపోయింది!

పామర్రు నుంచి వచ్చి వన్ టౌన్‌లో మూటలు మోసే యేసోబు అనే అతను యజమాని గోడౌను తగలబెట్టాడని కేసు వచ్చింది. గోడౌను తగలబడిన మధ్యాహ్నం అతను ఆసుపత్రిలో, కాన్పయిన భార్య దగ్గరే ఉన్నాడని ఒక నర్సు పోలీసులకు చెప్పిన వాంగ్మూలం ఫైల్లో ఉంది. దాన్ని కోర్టుకు చూపించాల్సిన నేను, ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టేశాను. అతను అదే మాట ఏడుస్తూ చెప్పుకున్నాడు గానీ, సాక్షిని పిలిపించే వకీలు అతనికి లేడు. రెండేళ్ల శిక్ష పడింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు, ఆ సాయంత్రమే నేను మొదటిసారి తాగాను, ఇక మానలేకపోయాను.

ఒక ఆదివారం ఉదయం నా భార్య కరుణమ్మ గుడికి బయల్దేరబోతూ, మంచం మీద పడి ఉన్న నా పక్కన మోకరించింది.

"ప్రభువా, ఈయన తాగుడు మానిపించమని ఇన్నాళ్లూ అడిగాను. ఇక అదడగను. ఈయన లోపల ఏం కుళ్లుతోందో అది బయటికి తియ్యి తండ్రీ!"

సహోదరులారా, నేను చిన్నపిల్లవాడిలా ఏడ్చి, అంతా ఆమెకు చెప్పేశాను. యేసోబు జైలు నుంచి పెట్టుకున్న అప్పీలు అప్పటికి పై కోర్టులో ఉంది. ఆ కాగితం తీసుకెళ్లి జడ్జిగారి చేతికిచ్చి, "అయ్యా, దీన్ని దాచింది నేనే" అన్నాను.

"ఏవండీ, మీ ఉద్యోగం పోతుందని తెలుసా?" అని అడిగారు జడ్జిగారు.

"తెలుసండీ."

నర్సమ్మ వచ్చి సాక్ష్యం చెప్పింది, యేసోబు విడుదలయ్యాడు. జైలు గేటు దగ్గర, పుట్టిన రోజున తప్ప తాను చూడని కూతురు తల్లి వేలు పట్టుకుని నడుస్తుంటే ఆయన అలాగే చూస్తూ నిలబడిపోయాడు. నేను ఆయన కాళ్ల మీద పడ్డాను.

"లెగండి బాబూ. పోయిన రోజుల్ని మీరు తేలేరు. మిమ్మల్ని చూత్తంటే నాకింకా మండుతానే ఉంది. అయినా మీ కోసం పార్దన చేత్తన్నాను."

నా ఉద్యోగం పోయింది. గవర్నర్‌పేటలో ఒక చిన్న గదిలో జనానికి అర్జీలు రాసి బతుకుతున్నాను. కోర్టులో ఒప్పుకున్న ఆ రోజు నుంచి మందు ముట్టలేదు, అది నా బలం కాదు, దేవునికే మహిమ!

ఏ పాపమైనా మీ గుండెను నొక్కుతుంటే యేసయ్య దగ్గరకు రండి. సిగ్గు కలగదని నేను చెప్పను, నేను అందరి ముందూ సిగ్గుపడ్డాను. కాని ఆ సిగ్గులో ఆయన నా చెయ్యి వదల్లేదు. మీ చెయ్యీ వదలడు.