సాకమ్మ గెలిచిన వాగు

వాగు అంటే నీళ్ళా, నీళ్ళు పోయే దారా? ఈ ప్రశ్నకు నాకింకా జవాబు దొరకలేదు. చిక్కసంపిగెలో మాత్రం అందరికీ తెలుసు. ఓట్లొచ్చిన ఏడు అది గంగమ్మ తల్లి. ఓట్లయిపోతే మురుగు మోరీ.

బెంగళూరు పెరిగి పెరిగి చిక్కసంపిగెను మింగేనాటికే సాకమ్మ పిండిమర ఆ వాగొడ్డున ఉంది. మామగారు పెట్టిన మర. రాగులు తెచ్చినవాళ్ళు డబ్బాలు వరుసలో పెట్టి కబుర్లకు కూర్చునేవారు. మర చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ సాకమ్మ గొంతు పెద్దదైపోయింది. మర ఆపినా అది తగ్గేది కాదు. మొగుడు మునిరాజు మితభాషి. ఆ ఇంట్లో అతనికి మిగిలిన చోటు అంతే మరి.

వాగు కింది మలుపులో ఒక బిల్డరు దిగాడు. వాగు మీద కాంక్రీటు పలకలు పరిచాడు, పలకల మీద కార్లు నిలబెట్టాడు, గేటుకు ‘నదీతీరం’ అని పేరు రాయించాడు. నదిని కప్పెట్టాక గాని తీరానికి ధర రాలేదు. ఆ ఏటి వానలకు నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి తిరిగి సాకమ్మ మరలో జొరబడ్డాయి. జనం పిండి పట్టించుకోవడానికిచ్చిన రాగులు తెల్లారేసరికి అంబలయ్యాయి.

సాకమ్మ కార్పొరేషను ఆఫీసుకు పోయింది. ఇంజనీరు ఫ్యాను కింద కూర్చుని చల్లగా చెప్పాడు.

“వాగైతే చట్టముందమ్మా. రెండొడ్డుల మీదా గీత గీసి, ఆ లోపల ఇటుక మీద ఇటుక పెట్టనివ్వం. ఇది మోరీ. మోరీకి ఉండేది చట్టం కాదు, మూత.”

“దాన్ని మోరీ చేసిందెవరు సార్? అందులోకి వదిలిన గొట్టాలు మీవే కదా?”

“అది వేరే డిపార్టుమెంటు.”

ఇంటికొస్తే మునిరాజు అరుదుగా నోరు విప్పాడు. “కోర్టులూ గీర్టులూ మనకెందుకే? మూటలు ఎత్తు మీద పెట్టుకుందాం.”

“ఇన్నేళ్ళూ నిన్ను ఎత్తు మీదే పెట్టానుగా. ఏం లాభం?”

వకీలు బసవలింగయ్య ఇంటి రాగులు కూడా ఆ మరలోనే ఆడేవి. ఆయన కేసు పట్టాడు. బిల్డరు తరఫు వకీలు గట్టివాడు. “ఇందులో నీళ్ళేవీ? పుట్టుక లేదు, పోక లేదు, ఉన్నది కంపు. ఇది వాగని ఏ నోటితో అంటారు?” అన్నాడు. అవునవునని ఇంజనీరు తలూపాడు.

అక్కడే సాకమ్మ బుర్ర పనిచేసింది. ఆ సీమలో చెరువో వాగో నిండితే గంగమ్మకు బాగినం ఇస్తారు. చేటలో పసుపు కుంకుమ, గాజులు, రవికగుడ్డ పెట్టి, పైన ఇంకో చేట మూసి, నీళ్ళలో వదులుతారు. ఒక ఓట్ల ఏడు మంచి వానలు పడితే కార్పొరేటరు లోకప్ప మేళతాళాలతో వచ్చి ఈ వాగుకే బాగినమిచ్చాడు. పేపర్లో ఫోటో వేశారు. అందులో తన భుజం పడిందని సాకమ్మ దానికి అద్దం కట్టించి మరలో తగిలించింది. ఇప్పుడు అద్దంతో సహా మోసుకొచ్చి జడ్జిగారి ముందు నిలబెట్టింది.

“చేట పట్టుకున్నది మా లోకప్పన్న, స్వామీ. పక్కన తలపాగాతో దణ్ణం పెడుతున్నది ఈ ఇంజనీరు సారే. ముత్తైదువకిచ్చే బాగినం ఇది. మోరీకి రవికగుడ్డ పెట్టే వంశమా లోకప్పన్నది? మీరే చెప్పండి.”

కోర్టు ఘొల్లుమంది. జడ్జిగారు కూడా మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఇంజనీరు తలూపడం మానేశాడు. తీర్పు వచ్చింది: ఇది వాగే, చట్టం రెండొడ్డులకూ వర్తిస్తుంది.

చిక్కసంపిగె మైసూరుపాకు పంచుకుంది. “ఇది గంగని నేనానాడే అన్నాను” అని అందరికంటే ముందు లోకప్పే ప్రకటించాడు.

వారం తిరక్కుండా సర్వేవాళ్ళు టేపు, ఎర్ర రంగు పట్టుకొచ్చి, మొట్టమొదట పిండిమర గోడ మీద కూల్చాల్సిందని అడ్డగీత కొట్టారు.

“అయ్యో, కేసేసింది నేనే కదన్నా!”

“అందుకే అక్కా, మీ అడ్రసు ముందే మా దగ్గరుంది.”

“మరి ఆ నదీతీరం వాళ్ళది?”

“వాళ్ళు స్టే తెచ్చుకున్నారు.”

సాకమ్మ వకీలు ఇంటి మెట్లెక్కింది. “ఇదేం న్యాయమయ్యా? మర మునుగుతోందనే కదా మీ దగ్గరకొచ్చింది?”

“ఇక మునిగే భయం లేదుగా తల్లీ” అన్నాడు బసవలింగయ్య. అని, తన మాటకు తానే సిగ్గుపడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“నాకూ ఓ స్టే తెప్పించండి.”

“ఏమని తెప్పించను? అది వాగు కాదు, మోరీ అని మీరే సంతకం పెట్టాలి. పెడతారా?”

సాకమ్మ ఆపేసిన మర పక్కన కూర్చుంది. మునిరాజు పక్కకొచ్చి కూర్చున్నాడు.

“అనేద్దాం లేవే. ఒక్క మాటే కదా.”

“పెళ్ళయిన కొత్తలో మీ అమ్మ నాచేత కూడా ఇక్కడే బాగినం ఇప్పించింది. ఇప్పుడు మోరీ అంటే నాదీ లోకప్ప వంశమే అయిపోదూ?”

మునిరాజు లేచి, మరకున్న బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

ఆదివారం వాగు పండగ జరిపారు. వేదికను వాగొడ్డునే కొత్త సిమెంటుతో కట్టారు. గీత లోపల తీర్పు తర్వాత లేచిన మొదటి కట్టడం అదే. తాత్కాలికమని ఇంజనీరు హామీ ఇచ్చాడు. సాకమ్మకు కప్పడానికి శాలువా, తలకు పెట్టడానికి మైసూరు పేటా, ఇవ్వడానికి పళ్ళబుట్ట సిద్ధం చేశారు. “మన వాగు తల్లి, సాకమ్మక్క వేదిక మీదకు రావాలి!” అని లోకప్ప మైకులో పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. విప్పిన శాలువా మడవడం అశుభమని ఎవరో అంటే దాన్ని ఇంజనీరుకు కప్పారు.

అప్పటికి సాకమ్మ సందు చివర టెంపోలో, డ్రైవరు పక్కన కూర్చుని ఉంది. వెనక మర రాళ్ళు, రాళ్ళ నడుమ మునిరాజు.

“అక్కా, మిమ్మల్నే పిలుస్తున్నారు” అన్నాడు డ్రైవరు.

“వినబడుతోంది. బండి పోనీ.”

సందు మొగలో, ఎప్పుడూ మరకొచ్చే దేవీరమ్మ రాగుల డబ్బా చంకనెత్తుకుని ఎదురొచ్చింది. టెంపోలో సాకమ్మను చూసి, “ఎక్కడికక్కా? మర ఎప్పుడు తీస్తావు?” అని చెయ్యెత్తింది. సాకమ్మ రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది. టెంపో దేవీరమ్మను దాటుకుని పెద్ద రోడ్డెక్కింది.