డాబా మీద గౌను

వరదకి ఎర్రబడ్డ కృష్ణని కూడా తన మామ్మ నిమ్మచెక్కతో రుద్ది, తెల్లగా సముద్రానికి సాగనంపగలదని మణికుమార్ గుణదలంతా చెబుతాడు. ఇంట్లో పిల్లల బట్టలు ముందు ఈ నాగమల్లేశ్వరి మామ్మ ముక్కు దగ్గరికి రావాలి. నేరేడు మరకో, మామిడి జీడో వాసనతోనే తేల్చేస్తుంది. వాషింగ్ మిషన్‌కేసి మాత్రం సవతిని చూసినట్టు చూస్తుంది. మొన్న మణికుమార్ కూతురు తెల్ల గౌను మీద పప్పు ఒలకబోసుకుంది. చల్లపల్లిలో మణికుమార్ తాత మగ్గం మానేసేముందు ఆఖరుగా నేసిన బట్టతో కుట్టిన గౌను అది. పిల్ల తల్లి కంగారుగా సబ్బు రుద్దేసరికి పసుపు మరక కాస్తా ఎర్రబడింది. ఇక పోదని అందరూ ఆశ వదులుకున్నారు. మామ్మ దానికి నిమ్మరసం పట్టించి, జాడించి, డాబా మీద పరిచి, కొంగు నెత్తిన కప్పుకుని పక్కనే కూర్చుంది. ఆరితే నీళ్లు చిలకరించింది, నీడ పడితే ఎండలోకి జరిపింది. పొద్దువాలేసరికి మరక పోయింది. ఆవిడ వేళ్లు మాత్రం ఆ నేత మీదే తిరుగుతున్నాయి.

"ఏంటి మామ్మా, తాత గుర్తొచ్చాడా?" అని కన్నుగీటాడు మణికుమార్.

"రాడా మరి? చొక్కా మీద పులుసు పోసుకోని రోజుందా ఆయనకి? అయినా ఆయనే నయంరా. తిడితే పడుండేవాడు, నీలాగా ప్రశ్నలేసేవాడు కాదు."