కుడితి గోలెంలో బర్గండీ

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజు మా లెక్కల సారు సంతోషం పట్టలేక నాకు చాయ్ తాగించాడు. ఆ ఎనిమిది తరగతుల తెలివితోనే ఫ్రాన్సు దేశం మీద ఉపన్యాసమిచ్చి, కుదిరిన నా పెళ్ళిని కుడితిలో కలిపినంత పని చేశాను. మీరు ఎంతైనా నవ్వండి, నాకేం ఫికర్ లేదు. ఆ రోజు నవ్విన వాళ్ళ ముందు మీరెంత.

పెళ్ళిచూపుల్లో "దుబాయ్‌ల ఏం పని జేస్తుంటివి?" అని అడిగారు. ఒక పెద్ద హోటల్లో గ్లాసులు కడిగేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నవాడి నోట నిజం వస్తుందా. "వైన్ల సెక్షన్ మొత్తం నేనే చూస్తుంటి" అన్నాను. పూర్తి అబద్ధమూ కాదు. తాగిన ప్రతి గ్లాసూ చివరికి నా దగ్గరికే వచ్చేది.

పిల్ల పేరు సుజాత, మంథని పక్క ఊరు. తండ్రి లేడు. మేనమామ రాజన్న మాటే ఆ ఇంట్లో ఆఖరి మాట. ఆయన అబుదాబిలో ఒక ఫ్రెంచి సేఠు దగ్గర డ్రైవరుగా చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు ఆ సేఠు తన సొంత ప్రాంతం వైన్ సీసా ఒకటి చేతిలో పెట్టాడట. రాజన్న దాన్ని వడ్ల గుమ్మిలో దాచి, మేనకోడలి నిశ్చితార్థం నాడే తీస్తానని ఊరందరికీ చెప్పుకున్నాడు. ఆ రోజు తీశాడు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"అల్లుడా, నువ్వు గీ లైన్ల మనిషివి. జర మావోళ్లకు ఇదేందో చెప్పి, నువ్వే ఇప్పు."

వాకిలి నిండా చుట్టాలు. ఒక పక్క మటన్ ఉడుకుతోంది, ఇంకో పక్క కుండల్లో ఈత కల్లు నురగలు కక్కుతోంది. సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని మొదలుపెట్టాను. హోటల్లో వెయిటర్లు చెప్పుకునేది సబ్బు నురగలోంచి నా చెవిన పడింది కొంత, మిగతాది నా సొంత పంట.

"గిది బర్గండీ వైన్ మామా. బర్గండీ అంటే ఫ్రాన్సుకు మన మంథని అనుకో. పాత ఊర్లు, పెద్ద పేర్లు. ద్రాక్ష పేరు పీనో న్వార్. నల్లగుంటది. ఈ చెల్కల పండిన పండుకు ఒక రుచి, పక్క చెల్కల పండిన పండుకు ఇంకో రుచి."

"ఒక్క తీరు ద్రాక్షకేనా?" అన్నాడు ఒక ముసలాయన.

"మన కల్లుకు లేదా తాతా? ఒర్రెకాడి కల్లు, గుట్టకాడి కల్లు ఒక్క తీరుంటదా?"

అందరూ తలలూపారు. తలలూపేవాళ్ళుంటే నేను ఆగను. అక్కడ ద్రాక్ష కోసే ముందు ఆడవాళ్ళు బతుకమ్మ ఆడతారని కూడా చెప్పినట్టు గుర్తు. మటన్ ఉడికేదాకా చెప్పాను. తలుపు సందులోంచి సుజాత చూస్తోందని ఇంకాస్త చెప్పాను.

"సరే, ఇగ ఇప్పు" అన్నాడు రాజన్న.

వైన్ సీసా ఇప్పడం నేను ఎన్నడూ చూడలేదు. నా దగ్గరికి గ్లాసులే వచ్చేవి. "దీన్ని మంది ముంగట ఇప్పితే మర్యాద గాదు మామా" అని పెరట్లోకి జారుకున్నాను. నా దోస్తు సమ్మయ్య వెంట వచ్చాడు. బెండు బిరడాలోకి ఒక స్క్రూ తిప్పి పట్కారుతో లాగితే పన్ను పీకినట్టు వచ్చింది.

గ్లాసులో కొంచెం పోశాను. రంగు ఎంత పలచనంటే, వెలుతురుకు పెడితే అవతల కట్టేసిన బర్రె కనిపించింది. నాలుకకు పులుపు, ఒగరు. సీసా అడుగున మడ్డి. కాగితం మీద చూస్తే ఎన్నో ఏళ్ళ కిందటి సంవత్సరం.

"సమ్మిగా, ఇది ఖరాబైంది. తారీఖు ఎన్నడో దాటిపోయింది."

"ఆగరా, రాజన్ననే అడుగుదాం."

"పొద్దుగాల దించిన కల్లే పొద్దుమీకితే పులుస్తది. గిది ఏండ్లకేండ్లు వడ్లల్ల ఉన్నది. చుట్టాలు తాగి వాంతులు జేస్కుంటే ఎవని పెండ్లి ఆగుతది?"

"నీదే."

కల్లు మీద పెరిగిన బుర్రకు అంతకంటే ఏం తోస్తుంది చెప్పండి. సీసా మొత్తం బర్రె కుడితి గోలెంలో గుమ్మరించాను. మరి ఖాళీ సీసాలో ఏం పోయాలి? మా వైపు ప్రతి రోడ్డు మీదా ‘వైన్స్’ అని బోర్డు ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయి. అందుకని నేనే తయారుచేశాను. మా అవ్వ పండ్ల తట్టలో పెట్టి తెచ్చిన నల్లద్రాక్ష పిసికి, ఈత కల్లు కలిపి, అత్తవారు పెట్టిన కొత్త తువ్వాలతో వడగట్టి, సీసాలో నింపి, బిరడాను అరచేత్తో గట్టిగా దిగ్గొట్టాను. ఆ రంగు చూస్తే అసలు బర్గండీ సిగ్గుపడాలి.

"తయారు జేసిన మామా, ఇగ పోసుడే" అన్నాను.

"మా అన్న పెద్దపల్లి బస్సుల వస్తుండు, వచ్చినంక పోద్దాం" అని రాజన్న సీసాను నడి ఎండలో, తాంబూలాల పళ్ళెంలో నిలబెట్టాడు.

కల్లును గట్టిగా మూసి ఎండలో పెట్టకూడదని మా దగ్గర పాలు తాగే పిల్లలకూ తెలుసు. నాకూ తెలుసు. కానీ నా మనసులో అది అప్పటికే కల్లు కాదు, బర్గండీ.

బస్సు వచ్చింది. రాజన్న సీసా మీదికి వంగాడు. శ్రీరాంపూర్ బొగ్గు బావిలో పేల్చినట్టు ఒక్క చప్పుడు. బిరడా పందిట్లోకి ఎగిరిపోయింది. ఊదా రంగు నురగ ఆయన తెల్ల అంగీ మీద, ధోతి మీద, మీసాల మీద. రాజన్న మెల్లగా మీసం నాకాడు.

"అల్లుడా, గిది మా ఒర్రెకాడి కల్లు."

"ఔ మామా."

"మరి నా సీసాలది ఏది?"

నేను గోలెం వైపు చూశాను. బర్రె అప్పటికే అడుగు నాకుతోంది.

"తారీఖు దాటింది మామా. రంగు గూడ పల్సగుండె."

"అది తారీఖు గాదు బిడ్డా, పంట కోసిన ఏడు. ఆ పండు తోలే పల్సన, గందుకే రంగు పల్సన. ఏండ్లు గడిస్తేనే మంచిగైతదని మా సేఠు జెప్పిండు." ఆయన వట్టి గోలెం కేసి చూసి నా వైపు తిరిగాడు. "నిజం జెప్పు. దుబాయ్‌ల ఏం జేసినవ్?"

మా అవ్వ కళ్ళు మూసుకుంది. నా సంబంధం వచ్చిన బస్సులోనే వెనక్కి పోతోందనుకున్నాను.

"గ్లాసులు కడిగిన మామా."

రాజన్న అంగీ తుడుచుకుంటూ నన్ను చూశాడు. తర్వాత తుడుచుకోవడం మానేసి నవ్వడం మొదలుపెట్టాడు. "నేను గూడ ముందుగాల్ల కార్లు కడిగిన. ఇంటికి జెప్పింది మాత్రం డ్రైవర్ననే. పిల్లనిస్త. పెండ్లిల గ్లాసులన్ని నువ్వే కడగాలె."

కడిగాను.

ఆ రోజు నుంచి ఒట్టు పెట్టుకున్నాను. పీనో న్వార్ సాక్షిగా, బర్గండీ నేల సాక్షిగా, ఊదా మరక ఇప్పటికీ వదలని తువ్వాల సాక్షిగా, తెలియని సీసా ముందు ఇక నోరు విప్పను. ఈ ప్రమాణం మొన్న మళ్ళీ గంభీరంగా చదివి వినిపిస్తే, బర్రెకు కుడితి కలుపుతున్న సుజాత తల కూడా ఎత్తలేదు.

"ఒట్లెందుకయ్యా. గా బర్రె సీసా మొత్తం తాగి ఒక్క మాట మాట్లాడలే. నువ్వు మూత ఇప్పకముందే గంటసేపు జెప్పినవ్."