జీపు అడుగున అయిదో బెజ్జం

కరోనా సద్దుమణిగిన తరువాతి వేసవిలో, పదవీ విరమణకు పద్నాలుగు నెలల ముందు, నన్ను విజయవాడలోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు బదిలీ చేశారు. భౌతికశాస్త్ర విభాగంలో అసిస్టెంట్ డైరెక్టర్ హోదా. చెరిపేసిన వాహన నంబర్లను తిరిగి రాబట్టడం ఆ విభాగం పనుల్లో ఒకటి. చేరిన రెండో వారంలో రెండో ప్రపంచయుద్ధం నాటి జీపు ఫైలు ఒకటి నా బల్ల మీదికి వచ్చింది.

అందులో ఖాయంగా తెలిసినవి మూడే. జీపు యుద్ధకాలంలో తయారైనది. స్టీరింగు ఎడమవైపు ఉంది. ఛాసిస్ మీది నంబరును ఎవరో గ్రైండరుతో అరగదీసి కొత్త నంబరు కొట్టారు. తక్కినదంతా వినికిడి. అది బర్మా యుద్ధంలో పాల్గొన్నదన్నది యజమాని చలపతి గారి మాట. యుద్ధం ముగిశాక మిలిటరీ వేలంలో కొన్న ఆ జీపే కంకిపాడు దగ్గర ఒక మిషన్ డిస్పెన్సరీలో ఏళ్ల తరబడి రోగులను మోసిందన్నది అక్కడి పాత డ్రైవరు దేవసహాయం మాట. ముప్పై అయిదేళ్ల కిందట దేవసహాయమే దాన్ని ముక్కలు చేసి పాత ఇనుముకు అమ్మేశాడన్నది అప్పటి మేనేజరు కాగితం మీద పెట్టిన మాట. ఆ ఒక్క కాగితంతో అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. ఎవరినీ విచారించలేదు, ఒక్క ముక్కనైనా ఎవరూ చూపించలేదు.

పాత వాహనాల ప్రదర్శన ఫోటో పేపర్లో చూసి, అందులో ఉన్నది డిస్పెన్సరీ జీపేనని దేవసహాయం పోలీసులకు అర్జీ పెట్టుకున్నాడు. అదే సమయంలో రిజిస్ట్రేషన్ కోసం వచ్చిన జీపు నంబరు కొత్తగా కొట్టినట్టుందని రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు కూడా రాశాడు. ఎస్సై రెండిటినీ కలిపి మాకు పంపాడు. మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: పాత నంబరు ఏది?

చలపతి గారికి గవర్నర్‌పేటలో ఆఫీసు, మైలవరం రోడ్డులో గోడౌను ఉన్నాయి. జీపు ఆ గోడౌనులో ఉంది. మేం వెళ్లేసరికి ఆకుపచ్చ రంగు, తెల్ల నక్షత్రంతో నిగనిగలాడుతోంది. ఆయన నన్ను ఛాసిస్ దగ్గరికి కాదు, వెనక రేకు దగ్గరికి తీసుకెళ్లారు.

"చూశారా మేడమ్? జపాను వాళ్ల తూటాలు. ఏడున్నాయి. వేలు పెట్టి చూడండి, ఒళ్లు జలదరిస్తుంది."

నేను వేలు పెట్టలేదు, వెర్నియర్ కొలబద్ద పెట్టాను. ఏడు రంధ్రాల వ్యాసమూ ఒకటే. తూటా దూసుకెళితే రేకు అది పోయిన వైపుకి చీలి ఒంగుతుంది. ఇక్కడ అంచులు గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. పైగా రంగు కింద పూసిన కొత్త ప్రైమరును కూడా కోసుకుంటూ వెళ్లాయి. అంటే రంధ్రాలు రంగు వేశాక పడ్డవి. జీపును బాగుచేసిన మేస్త్రి సత్యం పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఎంత సైజు డ్రిల్లు బిట్టు వాడావయ్యా?" అని అడిగాను.

"పన్నెండు ఎమ్మెమ్మండీ" అన్నాడు ఠక్కున. తరువాత యజమాని ముఖం చూసి, "అంటే... పాత బెజ్జాలేనండి, కాస్త నీటు చేశానంతే" అన్నాడు.

జపాను రైఫిలు తూటా ఎనిమిది మిల్లీమీటర్లకు మించదు. ఆ మాట చెబితే చలపతి గారు, "మీరు మరీ లెక్కలేస్తారండీ. చూసేవాళ్లకు కావాల్సింది ఫీలింగు" అన్నారు. ఆ యుద్ధంలో నిజంగా తూటాలు తిన్నవాళ్ల పేరు చెప్పుకుని డ్రిల్లు మిషనుతో ఫీలింగు తయారుచేయడం చూసి నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక పొరపాటు చేశాను. ఏడు రంధ్రాలకు ఫోటోలు తీయించి, కొలతలు రాయించి, నంబరు ఉన్న చోటు తప్ప జీపు మిగతా భాగం వైపు చూడనే లేదు.

నంబరు పని పద్ధతి ప్రకారమే జరిగింది. ఇనుము మీద అంకెను గట్టిగా కొట్టినప్పుడు దాని కింది లోహం కూడా నలుగుతుంది. పైన అరగదీసినా ఆ నలుగుడు కొంత లోతు వరకు మిగులుతుంది. ఉపరితలాన్ని నునుపు చేసి, ఆమ్లంలో కలిపిన రాగి లవణాన్ని దూదితో రుద్దుతూ ఉంటే నలిగిన లోహం వేరుగా కరిగి పాత అంకె కాసేపు కనబడుతుంది. కనబడిన క్షణంలోనే ఫోటో తీయాలి. దీన్ని ఎచింగ్ అంటాం. ఆరు అంకెల్లో నాలుగు వచ్చాయి. మిగతా రెండింటి చోట గ్రైండరు మరీ లోతుకు వెళ్లింది. దేవసహాయం దాచుకున్న పాత ఇన్సూరెన్సు కాగితంలోని నంబరుతో ఆ నాలుగూ సరిపోయాయి. నాలుగంకెలతో గుర్తింపు పూర్తికాదు కనుక, 'సరిపోలుతున్నది, నిర్ధారించలేము' అని రాసి సంతకం పెట్టాను. శాస్త్రం ప్రకారం ఆ వాక్యంలో తప్పు లేదు.

నెల తరువాత దేవసహాయం ప్రయోగశాల గేటు దగ్గరికి వచ్చాడు. కక్షిదారులను మేం నేరుగా కలవకూడదు. ఎనభై ఏళ్ల మనిషి ఎండలో నిలబడ్డాడని సెక్యూరిటీ చెబితే బయటికి వెళ్లాను. చేతిలో ఒక ఉత్తరం. డిస్పెన్సరీ ఎప్పుడో మూతపడినా దాని ఆస్తులు చూసే కమిటీ ఒకటి ఉంది. తన మీద రాసిన మాట వెనక్కి తీసుకోమని అతను అడిగితే వాళ్లు జవాబిచ్చారు: 'ప్రయోగశాల నిర్ధారించలేకపోయింది గనుక పాత నిర్ణయాన్ని మార్చనవసరం లేదు.'

నా వాక్యాన్నే అతని మీద మోపారు. తెలియదన్న మాటను దొంగ అన్న మాటకు సాక్ష్యంగా వాడుకున్నారు. చదువుకున్న అయిదుగురు కింద సంతకాలు చేశారు.

"నన్ను ఊళ్లో ఏమంటారో తెలుసా అమ్మా? జీపు మింగిన దేవసహాయం అంటారు. నా మనవరాలి పెళ్లిలో కూడా ఎవడో, తాతా, టైర్లు అరిగినయ్యా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను" అన్నాడు. ఉత్తరం మడిచి, "నెంబర్ల సంగతి నాకు తెలవదండి. స్ట్రెచరు నిలబడ్డానికి ఆ బండి అడుగున నేను బెజ్జాలు వేశాను. అయ్యెక్కడికి పోతాయమ్మా?" అన్నాడు.

అక్కడే ఆపమన్నాను. మిగతాది నాకు చెప్పవద్దని, ఎస్సై దగ్గరికి వెళ్లి, జీపును చూడకముందే, ఎక్కడెక్కడ ఎంత దూరంలో వేశాడో సాక్షుల ముందు రాయించమని చెప్పాను. ముందే చెప్పినదానికే విలువ. చూశాక చెప్పినది పనికిరాదు.

అతను కొలతలు జానల్లో చెప్పాడు. కుడివైపు ముందు రెండు, వెనక రెండు; ముందు జతకూ వెనక జతకూ మధ్య ఆరు జానల నాలుగు వేళ్లు. ఎస్సై అతని జానను, వేళ్లను స్కేలుతో కొలిచి పక్కన రాశాడు. అంతా అయ్యాక దేవసహాయం గొణిగాడట: "ఇంకోటి కూడా ఉందండి. వెనక డ్రిల్లు జారి ఓ బెజ్జం తప్పు పడింది. డాక్టరమ్మ గారు ఆ రోజు బాగా తిట్టారు. అది కూడా రాయాలా?"

రాశారు. అది ఏ బెజ్జం పక్కన, ఎంత దూరంలో పడిందో కూడా అడిగి రాసి, కాగితాన్ని కవరులో పెట్టి సీలు వేశారు.

రెండోసారి గోడౌనుకు వెళ్లినప్పుడు నా సహాయకుడు దారానికి కట్టిన చిన్న అయస్కాంతం తెచ్చాడు. ఇనుము మీద అది అతుక్కుంటుంది, రంధ్రాలు పూడ్చే లప్పం మీద జారిపోతుంది. కొత్త రంగు కింద జీపు అడుగున అయిదు చోట్ల జారింది. ఆ చోట్ల రంగు కరిగించి గీకితే, తుప్పుతో రూపాయి బిళ్లంత పెరిగిన రంధ్రాలు బయటపడ్డాయి.

"ఇవి పాడైపోయిన బెజ్జాలనుకున్నానండీ, అందుకే పూడ్చేశాను" అన్నాడు సత్యం. అతను అబద్ధమాడలేదు.

కవరు విప్పాం. నాలుగు రంధ్రాల స్థానాలు ఒక వేలి వెడల్పు తేడాలోపు సరిపోయాయి. అది ఒక్కటే అయితే నాకు ఇంకా సందేహం ఉండేది. స్ట్రెచరు బిగించిన జీపులు వేరేవీ ఉండవచ్చు. కాని వెనక జతలోని ఎడమ రంధ్రానికి రెండు వేళ్ల పక్కన, ఎందుకూ పనికిరాని అయిదోది, అతను చెప్పిన చోటే ఉంది. అలాంటి పొరపాటు మరో బండిలో అదే చోట జరగడానికి నాకు కారణమేదీ కనబడలేదు.

రెండో నివేదిక రాస్తుంటే పై అధికారి ఒకరు, "అడిగింది నంబరు మేడమ్. నంబరు వరకే రాయండి, బెజ్జాలు మనకెందుకు?" అన్నారు. రాయవద్దని లిఖితపూర్వకంగా ఆదేశిస్తే ఆపేస్తానన్నాను. ఆదేశం రాలేదు. 'ఇది డిస్పెన్సరీ జీపే. ఛాసిస్, బాడీ ముక్కలు కాకుండా ఉన్నాయి' అని రాశాను.

కమిటీ మళ్లీ ఉత్తరం ఇచ్చింది. మొదట 'ఆరోపణ నిరూపితం కాలేదు' అని రాశారు. దేవసహాయం తీసుకోలేదు. మూడు వారాల తరువాత 'ఆరోపణ అబద్ధం' అని మార్చి ఇచ్చారు. అతను దాన్ని లామినేషన్ చేయించాడని ఎస్సై చెప్పాడు.

అప్పటినుంచి, 'నిర్ధారించలేము' అని రాసిన ప్రతిచోటా, దాన్ని దేనికి సాక్ష్యంగా తీసుకోకూడదో కూడా తరువాతి వాక్యంలో రాశాను. ఆ వాక్యం మొదటి నివేదికలోనే ఉండవలసింది.

జీపును డిస్పెన్సరీ షెడ్డులోంచి తీసుకెళ్లింది ఎవరన్నది మాత్రం నేటికీ తెలియదు. చలపతి గారికి అమ్మినవాడు రసీదు మీద రాసిన పేరుగల మనిషి ఆ చిరునామాలో లేడు. పాత రంగుల పొరలుంటే ఎన్ని చేతులు మారిందో, ఎక్కడెక్కడ ఉందో కొంతైనా చదవగలిగేవాళ్లం. ఆ పొరలన్నిటినీ, జీపు కొత్తగా మెరవాలని, గాలి యంత్రంతో ఇసుక చిమ్మి ఇనుము కనబడేదాకా తీసేశారు.